లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్ చదివాక జాక్ కంటే రాల్ఫ్ మీదే ఎక్కువ కోపం వచ్చింది, నాకొక్కడికేనా?

వానాకాలం చదువు:

నిన్న రాత్రి విలియం గోల్డింగ్ ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ పూర్తి చేశాను. ఇంకో రెండు అధ్యాయాలే కదా అని పదకొండింటికి కూర్చుంటే రెండున్నరైంది, ఆ తర్వాత నిద్ర పట్టలేదు. చిన్న పుస్తకమే, కానీ చివరి యాభై పేజీలు మెడ మీద కత్తి పెట్టి చదివించినట్టుంది.

చదవనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెబుతున్నా (మొత్తం చెప్పేస్తున్నా, వద్దనుకుంటే ఇక్కడే ఆగిపోండి). యుద్ధం జరుగుతుంటే ఇంగ్లండ్ స్కూలు పిల్లల్ని విమానంలో దూరంగా తరలిస్తుంటారు, ఆ విమానం ఒక దీవిలో కూలిపోతుంది, పెద్దవాళ్ళు ఒక్కరూ మిగలరు. ఆరేళ్ళ బుడతల నుంచి పన్నెండేళ్ళ వాళ్ళ దాకా అందరూ మగపిల్లలే. రాల్ఫ్‌ని నాయకుడిగా ఎన్నుకుంటారు, శంఖం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలని రూలు పెట్టుకుంటారు, ఓడలకి పొగ కనబడాలని కొండ మీద మంట వేస్తారు. జాక్ అనేవాడు పందుల వేట మొదలుపెట్టి, ముఖానికి రంగులు పూసుకుని, మెల్లగా అందరినీ తన వైపు లాక్కుంటాడు. సైమన్, పిగ్గీ అనే ఇద్దరు పిల్లల్ని చంపేస్తారు. రాల్ఫ్‌ని కూడా వేటాడుతుండగా నేవీ ఓడ వస్తుంది.

ఇప్పుడు నా గొడవ. జాక్ మీద నాకు పెద్దగా కోపం రాలేదు, వాడు మొదటి రోజు నుంచీ అలాగే ఉన్నాడు. రాల్ఫ్ మీద వచ్చింది. ఎన్నికలో ఓడిపోయిన జాక్ మొహం చిన్నబోయిందని, వాణ్ణి బుజ్జగించడానికి, వాడు వెంటబెట్టుకొచ్చిన స్కూలు పాటల బృందం పిల్లలందరినీ వాడికే అప్పగించేసింది ఎవరు? రాల్ఫే. ‘వీళ్ళు నీవాళ్ళు, ఏం చేయిస్తావో నువ్వే చెప్పు’ అంటాడు, వాడు ‘వేటగాళ్ళు’ అంటాడు. అంటే మొదటి రోజే, ఇంకా పొద్దు గూకక ముందే, వాడి చేతికి సైన్యాన్ని ఇచ్చేశాడు! జాక్ వాళ్ళు మంట ఆరిపోనిచ్చి పందిని కొట్టుకొచ్చిన రోజు, అదే మంట లేక ఓడ వెళ్ళిపోయిన రోజు, తిట్టాల్సినంతా తిట్టి చివరికి తనూ కూర్చుని మాంసం తిన్నాడు. ఆఖరికి సైమన్‌ని చంపిన రాత్రి ఆ గుంపులో తనూ ఉన్నాడు.

ఎవరిని అడిగినా ‘మనిషి లోపల మృగం ఉంటుంది, నవల చెప్పేది అంతే’ అంటున్నారు. నాకిది మరీ తేలిగ్గా చెప్పేసిన మాటలా ఉంది. నిజంగా మన స్వభావమే అంతా? లేక ఆ పిల్లలే అంతా? మీరేమంటారు?


రిటైర్డ్ టీచర్:

వానాకాలం చదువు గారూ, పేరు అలా పెట్టుకున్నారు కానీ బాగానే చదివారు. రాల్ఫ్ విషయంలో మాత్రం కొంచెం కఠినంగా ఉన్నారనిపిస్తోంది. వాడికి పన్నెండేళ్ళు దాటి కొన్ని నెలలు, అంతే.

మీరు ఐదో అధ్యాయం మళ్ళీ చూడండి, చీకటి పడే వేళ రాల్ఫ్ మీటింగ్ పెడతాడు కదా, అక్కడ. ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోతాడు. కొబ్బరి చిప్పల్లో నీళ్ళు తెచ్చి ఆకుల కింద పెట్టుకోవాలనుకున్నాం, రెండు రోజులు తెచ్చాం, ఇప్పుడు చిప్పలు ఖాళీ. గుడిసెలు మూడు కట్టాం. మొదటిది అందరం కలిసి కట్టాం, రెండోది నలుగురం కట్టాం, మూడోది నేనూ సైమనూ ఇద్దరమే కట్టాం, అందుకే అది అలా ఊగుతోంది అంటాడు. అందరూ, నలుగురు, ఇద్దరు. నాకు ఆ పుస్తకం మొత్తంలో అన్నిటికంటే భయంకరంగా అనిపించింది ఈ లెక్కే. జాక్ వాళ్ళు కర్రకి గుచ్చి నిలబెట్టిన పంది తల కంటే కూడా. అప్పటికి ఎవడూ ఎవడినీ చంపలేదు, ఎవడూ చెడ్డవాడు కాలేదు, ఐదు నిమిషాలు పని చేసి ఈతకో, పండ్లకో జారుకున్నారు, అంతే. అక్కడే అయిపోయింది.

ఇంకోటి. ఎనిమిదో అధ్యాయంలో జాక్ లేచి, రాల్ఫ్ నాయకుడిగా పనికిరాడు, ఎవరెవరు ఒప్పుకుంటారో చేతులెత్తండి అంటాడు. ఒక్కడు కూడా ఎత్తడు. రెండోసారి అడుగుతాడు, అప్పుడూ అంతే. వాడికి కళ్ళ వెంట నీళ్ళు తిరుగుతాయి, ఇక మీతో ఆడను అన్నట్టు వెళ్ళిపోతాడు. అంటే రాల్ఫ్ గెలిచినట్టే కదా? ఆ తర్వాత చూస్తే పెద్దపిల్లలు ఒక్కొక్కడే చప్పుడు చేయకుండా జాక్ దగ్గరికి జారుకుంటారు. పగలు నలుగురి ముందు ఎత్తని చేయి అది. నేను ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను, ఈ దృశ్యం రాసినవాడు క్లాసులో నిలబడినవాడే అయ్యుండాలి అనుకున్నాను, తర్వాత తెలిసింది గోల్డింగ్ సాల్స్‌బరీలో మగపిల్లల స్కూల్లో టీచరని.

నా అనుభవం ఒకటి చెబుతాను, చిన్నదే. ఒకసారి ఆఫీసు రూమ్‌లో పని పడి క్లాసుని మానిటర్‌కి అప్పగించి ఇరవై నిమిషాలు వెళ్ళాను. మాట్లాడినవాళ్ళ పేరు బోర్డు మీద రాయాలి, మళ్ళీ మాట్లాడితే పక్కన టిక్కు పెట్టాలి, అందరికీ తెలిసిన పద్ధతే. తిరిగి వచ్చేసరికి బోర్డు మీద ఏడెనిమిది పేర్లున్నాయి, ఒక పేరు పక్కన మాత్రం పదకొండు టిక్కులు. ఆ పిల్లాడు నేను ప్రశ్న అడిగినా నోరు విప్పని రకం. మానిటర్‌ని అడిగితే, నేను రెండే పెట్టాను సార్, మిగతావి వాళ్ళే వచ్చి పెట్టేశారు అన్నాడు. వాళ్ళంటే ఎవరు? ఒక్కరూ చెప్పరు. కొందరు నవ్వుతున్నారు, ఆ పిల్లాడు డెస్కు మీద గోటితో గీతలు గీస్తున్నాడు, తల ఎత్తలేదు. వాళ్ళందరూ మంచి పిల్లలే, ఇప్పటికీ కనబడితే ఆగి నమస్కారం పెట్టేవాళ్ళే.

సైమన్‌ని చంపిన మర్నాడు పిగ్గీ ఏమంటాడు? అది యాక్సిడెంట్ అంటాడు. మనం బయటి వరసలో ఉన్నాం, ఏమీ చేయలేదు, ఏమీ చూడలేదు అంటాడు. కవలలు శామ్, ఎరిక్ అయితే, మేం అలిసిపోయి ముందే వెళ్ళిపోయాం అంటారు. తిలా పాపం తలా పిడికెడు అంటామే, ఇక్కడ ఆ పిడికెడు తీసుకోవడానికి కూడా ఎవడూ చేయి చాపడు. ఒక్క రాల్ఫ్ మాత్రం ‘అది హత్య’ అంటాడు. మీకు కోపం వచ్చిన రాల్ఫే.


అడ్డప్రశ్న:

అందరూ తలలూపుతున్నారు కాబట్టి నేను అడ్డంగా ఊపుతా.

ఈ పుస్తకాన్ని మానవ స్వభావానికి సర్టిఫికెట్‌లా వాడటం నాకు చిరాకు. ఇది కల్పన, బాస్. గోల్డింగ్ నేవీలో పని చేశాడు, రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 6న ఫ్రాన్స్ తీరంలో జరిగిన నార్మండీ దాడిలో రాకెట్లు పేల్చే నౌకని నడిపాడు, మనుషులు మనుషులకి ఏం చేస్తారో కళ్ళారా చూసి వచ్చాడు. తేనెటీగ తేనెని ఎలా తయారు చేస్తుందో మనిషి చెడుని అలా తయారు చేస్తాడని తర్వాత తనే అన్నాడు. అలాంటి మనసుతో రాస్తే ఇలాంటి పుస్తకమే వస్తుంది. దాన్ని మనం ఎందుకు సైన్సులా చదవాలి?

అసలు ఇది ఇంకో పుస్తకానికి వెటకారపు జవాబు. 1857లో వచ్చిన బాలంటైన్ ‘ది కోరల్ ఐలాండ్’లో రాల్ఫ్, జాక్, పీటర్‌కిన్ అని ముగ్గురు ఇంగ్లిష్ కుర్రాళ్ళు దీవిలో చిక్కుకుని బుద్ధిమంతులుగా, వీరులుగా ఉంటారు, చెడ్డవాళ్ళంతా బయటి నుంచి వస్తారు. గోల్డింగ్ కావాలనే అవే పేర్లు తీసుకుని తిరగేశాడు. చివర్లో నేవీ ఆఫీసర్ నోట ఆ పుస్తకం పేరు కూడా పలికిస్తాడు. మనం వాళ్ళలా అనాగరికులం కాదు, ఇంగ్లిష్‌వాళ్ళం, అన్నిట్లో మనమే మేటి అని ఈ నవలలో అనేది ఎవరో గుర్తుందా? సాక్షాత్తూ జాక్. అంటే దెబ్బ కొట్టింది ఇంగ్లిష్ గొప్పలని, మొత్తం మానవజాతిని కాదు అని నా వాదన.

ఇక నిజంగా ఏం జరుగుతుందో చూద్దామా? 1965లో పసిఫిక్ సముద్రంలోని టోంగా అనే దీవుల దేశంలో ఆరుగురు స్కూలు కుర్రాళ్ళు బోర్డింగ్ స్కూల్ మీద విసుగొచ్చి పడవ ఎత్తుకుని పారిపోయారు. తుఫానులో చిక్కుకుని ఎనిమిది రోజులు కొట్టుకుపోయి అటా అనే దీవిలో పడ్డారు, మనుషులెవరూ లేని దీవి. 15 నెలలు ఉన్నారు. 1966 సెప్టెంబరులో పీటర్ వార్నర్ అనే ఆస్ట్రేలియా కెప్టెన్ వాళ్ళని చూసి తీసుకొచ్చాడు. ఎలా ఉన్నారంటే, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని తోట పని, వంట, కాపలా చేసుకున్నారు. మంట ఆరనివ్వలేదు. ఒకడు కొండ మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే కర్రలు కట్టి సరిచేసి వాడి పని మిగతావాళ్ళు చేశారు. గొడవ పడితే ఇద్దరూ చెరో దిక్కుకీ పోయి కోపం చల్లారాక రావాలి, అదీ వాళ్ళ రూలు. చచ్చినవాడు లేడు, ఒక్కడూ. కొసమెరుపు ఏంటంటే, ఊరికి తిరిగొచ్చాక పడవ ఓనరు కేసు పెట్టాడని వాళ్ళని జైల్లో వేశారు, నాగరికత అంటే అదీ!

ఇంకోటి కూడా చెప్పి ఆపేస్తా. ఈ నవల వచ్చిన 1954లోనే, ఆ వేసవిలో, అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షెరీఫ్ అనే సైకాలజిస్టు 22 మంది కుర్రాళ్ళని రెండు జట్లు చేసి క్యాంపులో పెట్టాడు, వాళ్ళు ఒకరి జెండా ఒకరు తగలబెట్టుకున్నారు, గదుల మీద దాడులు చేసుకున్నారు. ఇది అందరూ చెబుతారు. చెప్పనిదేంటంటే ముందు ఏడాది, 1953లో, ఇదే మనిషి ఇదే ప్రయోగం న్యూయార్క్ రాష్ట్రంలో చేస్తే బెడిసికొట్టింది. అక్కడ పిల్లలు ముందే స్నేహితులైపోయారు, వాళ్ళ మధ్య పుల్లలు పెడుతోంది పెద్దవాళ్ళేనని అనుమానం వచ్చి, కొట్టుకోమంటే కొట్టుకోలేదు. కాబట్టి స్వభావం గిభావం అని తీర్పులు చెప్పేముందు కొంచెం ఆగుదాం.


గుంపులో గోవింద:

ఇంత సీరియస్ చర్చలో నాదో చిల్లర పాయింటు. నవలలో పిల్లలు మంట పుట్టించేది పిగ్గీ కళ్ళద్దాలతోనే కదా. పిగ్గీకి దూరపు వస్తువులు కనబడవు, అంటే హ్రస్వదృష్టి, అంటే వాడి కళ్ళద్దాలు పుటాకార కటకాలు. వాటితో ఎండని ఒకచోటికి చేర్చి మంట పుట్టించడం కుదరదు, కిరణాలు విడిపోతాయి. పదో తరగతి ఫిజిక్స్. గోల్డింగ్‌కి నోబెల్ (1983) ఇచ్చేముందు కమిటీ ఇది చూసుకోలేదు. అంటే దీవిలో మొదటి రోజు నుంచీ మంటే లేదు, వేట తర్వాత పంది మాంసం కాల్చుకునేదీ లేదు, జాక్ పార్టీ అక్కడికక్కడే క్లోజ్.

(పుస్తకం నాకిష్టమే, కొట్టకండి.)


మూడోసారి చదివినామె:

అడ్డప్రశ్న గారు చెప్పిన టోంగా పిల్లల సంగతి నిజమే, కానీ అది నవలని ఓడించదు, పక్కన పెట్టి చదివితే నవల ఇంకా బాగా అర్థమవుతుంది. వాళ్ళు ఆరుగురు, అప్పటికే స్నేహితులు, టీనేజీ కుర్రాళ్ళు, సముద్రం తెలిసినవాళ్ళు, ఒకే పడవలో తమంతట తాముగా బయల్దేరినవాళ్ళు. ఒకడి కాలు విరిగితే మిగిలిన ఐదుగురికీ ఆ క్షణంలోనే తెలుస్తుంది. రాత్రి పడుకునేటప్పుడు ఐదుగురే ఉంటే ఆరోవాడేడీ అంటారు. నవలలో ఎంతమంది పిల్లలున్నారు? ఎవరైనా చెప్పగలరా?

చెప్పలేరు, ఎందుకంటే పుస్తకంలోనే లేదు. నేను మూడోసారి చదివినప్పుడే దీన్ని పట్టుకున్నాను, మొదటి రెండుసార్లూ శంఖం, రంగులు, పంది తల వీటిలోనే ఉండిపోయాను (ఆ తల చుట్టూ ముసిరిన ఈగల వల్లే పుస్తకానికి ఆ పేరు, బైబిల్లో బీల్జిబబ్ అనే పేరుకి అర్థం కూడా అదే). మొదటి రోజు పిగ్గీ ఒక్కడే అందరి పేర్లూ అడిగి రాసుకోవాలని, లెక్క పెట్టాలని తాపత్రయపడతాడు. అందరూ వాణ్ణి చూసి నవ్వుతారు. రెండో అధ్యాయంలో ఉత్సాహంగా మంట వేస్తే అడవి అంటుకుంటుంది, అప్పుడు పిగ్గీకి ఒక్కసారిగా గుర్తొస్తుంది, ముఖం మీద పుట్టుమచ్చ ఉన్న చిన్నపిల్లాడు, రాత్రిపూట పాములాంటిది ఏదో వస్తోందని ఏడ్చినవాడు, ఏడీ? ఎవరికీ తెలియదు. వాడి పేరు కూడా ఎవరికీ తెలియదు. ఆ తర్వాత వాడి ఊసు ఎత్తడం కూడా మానేస్తారు. ఆ పుస్తకంలో మొదటి చావు అదే, మీరు చెప్పిన ఇద్దరూ కాదు. అది జాక్ చేసింది కాదు, ఎవరూ కావాలని చేసింది కాదు. చావుని లెక్కలోకి తీసుకోకపోవడం అప్పుడే అలవాటైపోయింది.

భయం సంగతి కూడా అంతే. దీవిలో ఏదో మృగం ఉందని పిల్లలు వణుకుతుంటే రాల్ఫ్ ఏం చేశాడు? చీకట్లో, అందరూ బెదిరిపోయి ఉన్నప్పుడు, దయ్యాలు ఉన్నాయా లేవా అని చేతులెత్తమని ఓటింగ్ పెట్టాడు. ఎక్కువ చేతులే లేచాయి. ఓటు వేస్తే తేలే విషయమా అది! రిటైర్డ్ టీచర్ గారు క్షమించాలి, మా రాల్ఫ్ మంచివాడే, కానీ నాయకుడిగా ఈ ఒక్క పనితో కొంప ముంచాడు. ఆ మృగం మనమేనేమో అని సైమన్ తడబడుతూ అంటే ఎవరికీ ఎక్కలేదు, వెక్కిరించారు.

ఆ తర్వాతది చూడండి. పెద్దవాళ్ళు ఉంటే బాగుండు, వాళ్ళ లోకం నుంచి ఏదైనా సంకేతం వస్తే బాగుండు అని రాల్ఫ్ కోరుకుంటాడు. వస్తుంది. ఆ రాత్రే పైన విమానాల యుద్ధం, ఒక పైలట్ శవం పారాచూట్‌తో కొండ మీద దిగుతుంది. గాలి వీచినప్పుడల్లా తాళ్ళు లాగి శవం లేచి కూర్చుంటుంది, మళ్ళీ వంగుతుంది. పిల్లలు మృగం అనుకుని పారిపోయేది దాన్ని చూసే. సైమన్ ఒక్కడే దగ్గరికి వెళ్ళి, అది పాపం చచ్చిపోయిన మనిషి అని చూసి, తాళ్ళు విడదీసి, ఆ మాట చెప్పడానికి కిందికి దిగుతాడు. వర్షం, ఉరుములు, కింద నాట్యం, ‘చంపు, చంపు’ అని కేకలు. చెట్ల చాటు నుంచి పాకుతూ వచ్చినవాడే మృగమైపోయాడు. భయపడక్కర్లేదని చెప్పడానికి వచ్చినవాణ్ణే భయంతో చంపారు.

అందుకే ‘పిల్లలు పాడైపోయారు’ అనే వాదన నాకు ఎక్కదు. పైన పెద్దవాళ్ళు చేస్తున్నది ఇదే. గోల్డింగ్ రాసిన మొదటి ప్రతిలో కథ ఆ యుద్ధంతోనే మొదలయ్యేదట, ప్రచురణకర్తలు వరసగా తిప్పి పంపారు, ఫేబర్ కంపెనీ తరఫున చదివినామె కూడా చెత్త, విసుగు అని తేల్చేసింది. చార్ల్స్ మాంటీత్ అనే కొత్త ఎడిటర్ పట్టుబట్టి, ఆ మొదటి భాగం తీయించి, 1954లో బయటికి తెచ్చాడు. తీసెయ్యడం మంచిదే, నవల బిగిసింది. కానీ దాంతో మనలాంటి పాఠకులు యుద్ధాన్ని మర్చిపోయి దీవినే చూస్తున్నాం.


వానాకాలం చదువు:

అందరికీ థాంక్స్, ఇంత మాట్లాడతారని అనుకోలేదు. కళ్ళద్దాల గురించి చదివాక అరగంట నవ్వుకున్నా.

టీచర్ గారూ, బోర్డు మీద పదకొండు టిక్కుల సంగతి చదివి కొంచెం ఇబ్బందిగా అనిపించింది. ఎందుకంటే నేను ఆ నవ్విన పిల్లల్లో ఉండేవాణ్ణి. అంతకంటే చెప్పను.

రాత్రి నాలుగో అధ్యాయం మళ్ళీ చదివా. మొదటిసారి చదివినప్పుడు కథ త్వరగా కదలాలని ఎగరేసిన పేజీలవి. మారిస్ అనేవాడు చిన్నపిల్లల ఇసుక కోటలు తొక్కుకుంటూ పోతాడు, పెర్సివల్ కంట్లో ఇసుక పడుతుంది, మారిస్‌కి వెంటనే ఏదో తప్పు చేసిన ఫీలింగ్ వస్తుంది, కొట్టడానికి అక్కడ అమ్మా లేదు నాన్నా లేడు, అయినా ఏదో సాకు గొణిగి పరిగెత్తుతాడు. ఆ వెంటనే రోజర్. హెన్రీ అనే బుడ్డోడు నీళ్ళ ఒడ్డున ఆడుకుంటుంటే రోజర్ చెట్టు చాటున నిలబడి రాళ్ళు విసురుతాడు, కానీ తగిలేలా కాదు. ఆ పిల్లాడి చుట్టూ ఆరు గజాల వ్యాసంలో ఒక గుండ్రం, దానిలోకి విసరడానికి వాడికి చెయ్యి రాదు. అమ్మానాన్నలు, స్కూలు, పోలీసులు, చట్టం, ఇవన్నీ ఆ గుండ్రంలో ఉన్నాయంటాడు రచయిత. ఇదే రోజర్ కదా చివర్లో పిగ్గీ మీదికి బండ దొర్లించేది, శంఖం ముక్కలయ్యేది అప్పుడే కదా. ఆ ఆరు గజాలు ఎప్పుడు, ఏ పేజీలో చెరిగిపోయాయో వెతుకుతున్నా. దొరకట్లేదు. రోజుకి ఓ అడుగు చొప్పున తరిగిందేమో.

అడ్డప్రశ్న గారూ, టోంగా సంగతి నాకు తెలియదు, చాలా బాగుంది. కానీ ఒకటి అడుగుతా, వాళ్ళు 15 నెలలు మంట ఆరనివ్వలేదంటే దానర్థం మనిషి స్వభావం మంచిదనా, లేక వంతులు వేసుకున్నారనా?


అడ్డప్రశ్న:

రెండోది. ఒప్పుకుంటున్నా. కానీ వంతులు వేసుకోవాలనిపించింది కదా, అది ఎక్కడి నుంచి వచ్చింది? అదీ మనిషి లోపలి నుంచే కదా. చెడు ఒక్కటే స్వభావం, మంచి మాత్రం బయటి నుంచి పూసిన రంగు అంటే నేనొప్పుకోను. గోల్డింగ్ దీవిలో కూడా సైమన్ ఉన్నాడు, చిన్నపిల్లలకి అందని కొమ్మల నుంచి పండ్లు కోసి ఇచ్చాడు, ఎవడూ చెప్పలేదు వాడికి. తన మాంసం ముక్క పిగ్గీకి ఇచ్చేశాడు. అదీ ఆ పుస్తకంలోనే ఉంది మరి, దాన్ని ఎవరూ కోట్ చెయ్యరు.


రిటైర్డ్ టీచర్:

ఇది బాగుంది. సైమన్ పండ్లు కోసిచ్చే చోటు నేనెప్పుడూ క్లాసులో చెప్పలేదు, పరీక్షలో అడగరని.


వానాకాలం చదువు:

ఆఖరి సందేహం, చిన్నదే. పిగ్గీ అసలు పేరు ఎక్కడైనా వస్తుందా? రెండుసార్లు వెనక్కి తిప్పి చూశా, నాకే కనబడలేదా?


మూడోసారి చదివినామె:

రాదు. మొదటి అధ్యాయంలో రాల్ఫ్‌ని ‘నీ పేరేంటి’ అని పిగ్గీ అడుగుతాడు, వాడు చెబుతాడు. తిరిగి తననీ అడుగుతాడేమోనని పిగ్గీ ఆగుతాడు. రాల్ఫ్ అడగడు. స్కూల్లో నన్ను పిగ్గీ అనేవాళ్ళు, ఆ పేరు మాత్రం ఎవరికీ చెప్పకు అని కాసేపయ్యాక బతిమాలుకుంటాడు, రాల్ఫ్ కాస్తా అందరి ముందూ చెప్పేసి నవ్విస్తాడు. పేర్లు రాసుకుందామన్నవాడి పేరే లేదు ఆ పుస్తకంలో.

చివరి పేజీల్లో నేవీ ఆఫీసర్ కూడా మీరు ఎంతమంది అని అడుగుతాడు చూడండి. రాల్ఫ్ తల అడ్డంగా ఊపుతాడు.